నాలుగు డిగ్రీలు

ఫిబ్రవరి 3, సోమవారం

గేటు దగ్గర వాచ్‌మన్‌ని కొట్టాను.

కరపత్రాలు చించాడు. చించితే చించాడు, ఆ ముక్కలతో తన సైకిల్ సీటు తుడుచుకున్నాడు. అప్పుడు చెయ్యి లేచింది. ఒకటే దెబ్బ. టోపీ ఎగిరి మురిక్కాలవలో పడింది.

కరపత్రం నేను రాసింది కాదు. ప్రెస్సులో పనిచేసే తాత ఇస్తాడు, నేను పంచుతాను. విజ్ఞానం ప్రజలది, మందు రోగిది, కంపెనీది కాదు అని ఉంటుంది. కాలేజీ మెట్లు నేను ఎక్కింది రెండేళ్ళే. మిగతా చదువంతా ఆ పల్చటి కాగితాల మీదే.

కబురు నాకన్నా ముందు ల్యాబ్‌కి చేరింది. బావ యానిమల్ హౌస్‌లో గడ్డి వేస్తూ, ఏం బామ్మర్దీ, విప్లవం గేటు దాకా వచ్చిందట, లోపలికి ఎప్పుడొస్తుందో చెబితే కుందేళ్ళని తయారుగా ఉంచుతాను అన్నాడు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

సాయంత్రం మేడమ్ పిలిచింది. ల్యాబ్ ఆమెదే. ఇంకోసారి ఆ చెయ్యి లేస్తే అది ఈ ల్యాబ్‌లో పనిచేయదు అంది. నిమ్మళంగా అంది. అరిచినా బాగుండేది.

ఫిబ్రవరి 4

నేనిక్కడ టెక్నీషియన్‌ని. సీసాలు కడగడం, నీళ్ళు వడగట్టడం, ఫ్రిజ్ తలుపుకి వేలాడే రిజిస్టర్‌లో రోజుకి రెండుసార్లు టెంపరేచర్ రాయడం. కానీ చేసేదేమిటో నాకు తెలుసు. చాలామంది డాక్టర్లకన్నా బాగా తెలుసు.

ఒక రేణువు. వెంట్రుక మందంలో అలాంటివి వెయ్యి పక్కపక్కన నిలబడతాయి. లోపల ఇనుము. దాని మీద గాజులాంటి పెంకు. పెంకు నిండా చిల్లులు, చిల్లుల్లో మందు. అన్నిటికన్నా పైన యాంటీబాడీ, లివర్ కణితిని చూడగానే పట్టుకునేది. రక్తంలోకి ఎక్కించి బయట అయస్కాంతం పెడితే కణితి దగ్గర ఆగుతాయి. స్కాన్‌లో కనిపిస్తాయి. కాయిల్‌లో కరెంట్ వదిలితే ఇనుము వేడెక్కుతుంది, మందు కారుతుంది, కణితి తనలో తనే కాలి చస్తుంది. ఒక్క రేణువు, నాలుగు పనులు.

ఇంతకన్నా న్యాయమైన హింస నేను ఏ కాగితంలోనూ చదవలేదు.

ఫిబ్రవరి 6

అక్క స్కాన్ వచ్చింది. లివర్‌లో కణితి 4.3 సెంటీమీటర్లు. డిసెంబర్‌లో 3.9.

మనుషుల మీద ట్రయల్ మొదలైతే ఐదు లోపు ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. ఐదు దాటితే లేదు. మూడు కుందేళ్ళు కమిటీ ఎదుట బతికితే ట్రయల్ మొదలవుతుంది. కమిటీ వచ్చే బుధవారం వస్తోంది. లెక్క సరిపోతుంది. సరిపోయి తీరాలి.

అక్క రిపోర్ట్ చూడనేలేదు. అన్నానికి లేవండిరా, అదేమీ వారపత్రిక కాదు అంది.

ఫిబ్రవరి 7

బ్యాచ్ 31 తయారైంది. ఆరు సీసాలు.

చివరి మెట్టు కళ్ళజోడు తప్ప ఎవరూ చేయలేరు. ఆయన మా సీనియర్ స్కాలర్. ఆ లావుపాటి అద్దాలు తీస్తే గోడకి నమస్కారం పెడతాడు. కానీ అద్దాలుంటే ఆయన కంటికి తిరుగులేదు. యాంటీబాడీ చుక్క చుక్కగా వేస్తూ ఆ నల్లటి ద్రవాన్ని చూస్తాడు. నలుపులోంచి ఒక ఎర్రటి నిగ్గు లేస్తుందట. లేచిన క్షణాన ఆపాలి. ఒక చుక్క తక్కువైతే కణితిని పట్టదు, ఎక్కువైతే ముద్దకడుతుంది. నేను పక్కనే నిలబడి చూశాను. నాకు నలుపే కనిపించింది. చూడ్డం కూడా ఒక పనే తమ్ముడూ అన్నాడు.

సైజు కొలిచారు. 62 నానోమీటర్లు. సీసాల మీద లేబుల్ ఆయనే రాశాడు: 4 డిగ్రీలలో ఉంచవలెను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన ఒక కోటు మనిషితో కూర్చున్నాడు. కోటు మనిషి మందుల కంపెనీ వాడు, మేడమ్ గదికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. కళ్ళజోడు చేతికి ఒక కవరు ఇచ్చాడు. కళ్ళజోడు అది చొక్కా లోపల పెట్టుకున్నాడు.

తాత ఇచ్చిన కాగితంలో ఉంది. ముందు వాళ్ళు పరిశోధనని చంపుతారు. శవాన్ని తర్వాత కొంటారు.

ఫిబ్రవరి 9, ఆదివారం, మధ్యాహ్నం 2:15

డ్యూటీ నాదే. ఫ్రిజ్ చచ్చింది. లోపల పద్నాలుగు డిగ్రీలు.

మేడమ్ ఊళ్ళో లేదు. కళ్ళజోడుకి నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. పక్కగదిలో డీప్ ఫ్రీజర్ మైనస్ ఎనభైలో గుర్రుపెడుతోంది. ఆరు సీసాలూ దాంట్లో పెట్టేశాను. ఎంత చల్లగా ఉంటే అంత భద్రం. చెప్పుకోకూడదు గానీ ఈ ల్యాబ్‌ని ఇవాళ నేనే కాపాడాను.

మెకానిక్ రేపు పొద్దున వస్తానన్నాడు. ఆదివారం పూట ఫ్రిజ్‌లు చచ్చిపోకూడదని రూల్ పెట్టండి సార్ అన్నాడు. ఫోన్‌లో కాబట్టి బతికిపోయాడు.

ఫిబ్రవరి 10, ఉదయం 8:00

ఎవరూ రాకముందే మెకానిక్ వచ్చి ఫ్రిజ్ బాగుచేసి వెళ్ళాడు. సీసాలు రాళ్ళలా ఉన్నాయి. బల్ల మీద పెట్టి కరగనిచ్చాను, బాగా కుదిపాను. ఎప్పటి నలుపే. ఫ్రిజ్‌లో సర్దాను.

రిజిస్టర్‌లో ఆదివారానికి రెండు గళ్ళు ఖాళీ. పద్నాలుగు అని రాస్తే ఏమవుతుందో తెలుసు. నాలుగు తప్పిన బ్యాచ్ పారబోయాలని మేడమ్ రూల్. మళ్ళీ చేయడానికి మూడు వారాలు. కమిటీ వెనక్కిపోతుంది. ఆ లోపల అక్క కణితి ఊరుకుంటుందా? మంచి మందుని ఒక గడి కోసం పారబోసేవాళ్ళు గుమాస్తాలు.

4 అని రాశాను. కింద గడిలో కూడా 4. సంతకం పెట్టాను. అంకె మారింది గానీ మందు మారలేదు కదా.

ఫిబ్రవరి 11

నిద్ర బాగా పట్టింది.

ఫిబ్రవరి 12, బుధవారం, మధ్యాహ్నం

కుందేలుకి గొంతు ఉంటుందని నాకు తెలీదు.

కమిటీ వాళ్ళు ముగ్గురు, వరసగా కుర్చీల్లో. మేడమ్ ఇస్త్రీ చీర. బావ మొదటి కుందేలుని ఒళ్ళో పట్టుకున్నాడు. కళ్ళజోడు చెవి నరంలోకి సూది దించాడు. నలభై సెకన్లు ఏమీ లేదు. నలభై ఒకటో సెకనుకి అది అరిచింది. చిన్నపిల్ల అరిచినట్టు. బావ చేతుల్లోంచి ఎగిరి బల్లకి కొట్టుకుంది, వెన్ను విల్లులా వంగింది, ముక్కులోంచి గులాబీ రంగు నురగ. కాళ్ళు ఇంకా పరిగెడుతూనే ఉన్నాయి, పక్కకి పడి, గాల్లో.

అప్పటికే రెండోదానికి సూది అయిపోయింది. మూడోదానికి సగం ఎక్కింది. మేడమ్ ఆపండి అంది.

రెండోది కుర్చీల కిందకి దూరి చచ్చింది. కమిటీలో ఒకాయన కాళ్ళు పైకెత్తుకున్నాడు. మూడోది సగం మందుతో సగం చావు చస్తోంది. బావ దాన్ని పైకి తీసుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని, మెడ విరిచాడు. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

ఈ పనికి ఇక్కడ శాక్రిఫైస్ అని పేరు. చంపడం అనరు.

పెన్ను ఉన్న ఆయన పెన్ను మూత పెట్టాడు. అంతే. లేచి వెళ్ళిపోయారు.

బావ నేల తుడిచాడు. రెండు నెలలు నా చేతుల్లోంచి తిన్నాయిరా, మగపెళ్ళివాళ్ళలా కూర్చుని తినేవి అన్నాడు.

అదే రోజు, రాత్రి 7:30

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

6:40కి కళ్ళజోడు సీసాలు కడిగే గదిలో చేతులు కడుక్కుంటున్నాడు. అద్దం వెనక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నటన అనుకున్నాను. నేనే అడుగుదామని వెళ్ళాను. ఆయన ముందు అడిగాడు. తమ్ముడూ, ఆదివారం ఫోన్ చేశావు, నేను ప్రయాణంలో ఉన్నాను, ఫ్రిజ్‌కి ఏమైనా అయిందా అన్నాడు.

అమ్ముడుపోయినవాడు నన్ను అడుగుతాడా. మా అక్క చావుని కవరులో పెట్టి చొక్కాలో దాచుకున్నవాడు నన్ను లెక్క అడుగుతాడా. రిజిస్టర్ ఉంది చూసుకో, నాలుగు అని ఉంది, నా సంతకం ఉంది అన్నాను. అది కాదు తమ్ముడూ, నిజం చెప్పు అన్నాడు. నిజం అన్న మాట ఆయన నోట వినేసరికి నా చేతిలోకి స్టాండు కడ్డీ వచ్చింది. గ్లాసు సామాను బిగించే ఇనప కడ్డీ.

మొదటిది భుజం మీద. రెండోది చెవి పక్కన. మూడోది ముఖం మీద. అద్దం పగిలి లోపలికి పోయింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, కన్ను పట్టుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి కారింది. పడిపోయాడు. స్పృహ లేదు.

నాలుగోది పడిపోయాక. నాలుగోదానికి కారణం లేదు. కొట్టాను.

కుళాయి కట్టేసి వచ్చాను. నీళ్ళు వృథా కాకూడదని.

ఫిబ్రవరి 13

స్వీపరమ్మ చూసి అందర్నీ పిలిచిందట. ఆస్పత్రిలో స్పృహ వచ్చాక పోలీసులు అడిగితే, తడి నేల మీద జారి స్టాండు మీద పడ్డానని చెప్పాడట.

చూశావా. తప్పుంది కాబట్టే నోరు విప్పలేదు.

ఫిబ్రవరి 14

ఎడమ కన్ను తీసేశారు.

ఫిబ్రవరి 17, సోమవారం

మేడమ్ బల్ల మీద రెండు ఫోటోలు పెట్టింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తీసినవి. మన మైక్రోస్కోప్ పాడై ఏడాది. ఇవి కోటు మనిషి కంపెనీలో తీసినవి. కళ్ళజోడు నెల రోజులు ఆ మనిషి వెంటపడి బతిమాలి, వాళ్ళ మిషన్ వాడుకోడానికి పర్మిషన్ కాగితం తెచ్చుకున్నాడట. ఒక కవరులో.

ఇక్కడ ఒక లైన్ వదిలేస్తున్నాను.

మొదటి ఫోటో శుక్రవారం తీసిన శాంపిల్. పళ్ళెంలో ఆవాలు పరిచినట్టు, దేనికది విడిగా. రెండోది బుధవారం సీసాలో మిగిలింది. అవే ఆవాలు, బంక పోసి పిసికినట్టు. ముద్దలు ముద్దలు.

ఇది గడ్డకట్టి కరిగిన బ్యాచ్ అంది మేడమ్. నీళ్ళు మంచు అవుతూ రేణువులన్నిటినీ ఒక మూలకి నెట్టేస్తాయి. ఒకదానికొకటి అతుక్కుంటాయి. కరిగాక ఎంత కుదిపినా విడిపోవు. మామూలు కంటికి తేడా తెలీదు. ఆ ముద్దలు వెళ్ళి ఊపిరితిత్తుల్లో సన్నటి నాళాలన్నీ మూసేశాయి. గడ్డకట్టకూడదని ఈ ల్యాబ్‌లో చదువుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు, అందుకే లేబుల్ మీద ఎవరూ రాయలేదు అంది.

తర్వాత రిజిస్టర్ తెరిచింది. ఇంత బుద్ధిమంతమైన ఫ్రిజ్‌ని నేనెక్కడా చూడలేదు, చచ్చిపోయిన రోజు కూడా నాలుగే అంది. మెకానిక్ రసీదు రిజిస్టర్ పక్కన పెట్టింది.

నా వైపు చూసింది. నేను ఆ ముద్దల వైపు చూశాను.

అదే రోజు

డీప్ ఫ్రీజర్ తలుపుని గుద్దాను. తలుపుకి ఏమీ కాలేదు. కుడి చేతి రెండు వేళ్ళు వాచాయి. ఆయన సరైన ప్రశ్న అడిగాడు. అడిగినందుకు కొట్టాను.

ఫిబ్రవరి 18

బావకి చెప్పాను. కన్ను సంగతి, ఫ్రీజర్ సంగతి, అన్నీ. చేతిలో గడ్డి తట్ట కింద పెట్టాడు. కొట్టాడు. ముక్కు మీద, డొక్కలో, పడ్డాక వీపు మీద. నేను ఆపలేదు. అలసిపోయి ఆపాడు. ఖాళీ బోను పక్కన కూర్చున్నాడు. మీ అక్కకి నేను చెప్పను, నువ్వే చెప్పు, నిలబడి చెప్పు అన్నాడు.

అక్క బట్టలు మడతపెడుతోంది. నిలబడి చెప్పాను. ట్రయల్ సంగతి అడగలేదు. ఏ కన్ను అంది. ఎడమది అన్నాను. చేతిలో చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. నాతో మాట్లాడ్డం మానేసింది.

ఫిబ్రవరి 20

మేడమ్‌కి చెప్పాను. ముందు రిజిస్టర్ దిద్దు అంది. ల్యాబ్‌లో దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. తప్పుని చెరపకూడదు, దాని మీద రాయకూడదు. కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం చేయాలి. గీత కొట్టాను. ఉదయం కొలవలేదు. సంతకం. కింద గడిలో గీత కొట్టాను. మధ్యాహ్నం 14. సంతకం.

అక్కడినుంచి ఆస్పత్రికి వెళ్ళాను. కళ్ళజోడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి కట్టు. రెండో కన్ను నీరు కారుతోంది, నెల దాకా సరిగ్గా ఆనదట. అద్దాలు లేని ముఖం నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

పోలీసుల దగ్గరకి నేనే వెళ్తానన్నాను. వద్దన్నాడు. వాళ్ళు వస్తే ల్యాబ్‌కి సీలు పడుతుంది. సీలు పడితే బ్యాచ్ 32 ఉండదు. అందుకే జారిపడ్డానని చెప్పాను, నీ మీద జాలితో కాదు అన్నాడు. కమిటీ ఇంకోసారి వస్తుంది, నెల టైమిచ్చింది, చివరి మెట్టుకి నా కన్ను లేదు, నీ కళ్ళు ఉన్నాయి అన్నాడు. నేర్పిస్తాను. అయ్యాక కేసు పెడతాను. అంతవరకు నీ చేతులు నాకు కావాలి.

నిన్ను క్షమించలేదు, ఆ సంగతి కూడా రాసుకో అన్నాడు. రాసుకున్నాను.

తమ్ముడూ అనలేదు.

ఫిబ్రవరి 26

ఆస్పత్రి నుంచి నేరుగా ల్యాబ్‌కి వచ్చాడు. బావ చెయ్యి పట్టుకుని తెచ్చాడు. నేను పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

స్టూలు మీద కూర్చుని పాత శాంపిల్స్ నా ముందు పెట్టించాడు. ఏం కనిపిస్తోంది అన్నాడు. నలుపు. ఎలాంటి నలుపు. అమావాస్య లాంటి నలుపు అన్నాను. కరపత్రం వద్దు, సీసా చూడు అన్నాడు. మళ్ళీ చూశాను. అంచు దగ్గర గోధుమ రంగు, మధ్యలో నలుపు అన్నాను. అంచు ఎంత వెడల్పు అన్నాడు. నూలు పోగంత. ఆ మాట ముందే చెప్పొచ్చుగా అన్నాడు.

ఇలా ఆరు గంటలు.

తాత గేటు దగ్గరికి కొత్త కాగితాలు తెచ్చాడు. తీసుకోలేదు. వాచ్‌మన్ చూశాడు. మొన్న తప్పు చేశానని అతనితో అన్నాను. టోపీ కొత్తది కొనిపెట్టు, తప్పొప్పులు తర్వాత చూద్దాం అన్నాడు.

మార్చి 4

అక్క 4.8.

మార్చి 7, శుక్రవారం

చుక్క. ఆగు. ఏం కనిపిస్తోంది. నలుపు, అంచు గోధుమ, నూలు పోగంత. చుక్క. ఆగు. ఏం కనిపిస్తోంది. అంతే. చుక్క. ఆగు.

పదిహేడో చుక్క దాకా ఇంతే. నా మెడ మీద ఆయన ఊపిరి తగులుతోంది. వాచిన వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు. పద్దెనిమిదో చుక్కకి ఏదో కదిలినట్టనిపించింది. అనిపించడం వద్దు, కనిపించిందా లేదా అన్నాడు. లేదు అన్నాను. అబద్ధమాడి ఆపేయొచ్చు, ఆయనకి తెలీదు. లేదు అన్నాను.

పందొమ్మిది.

నలుపు అడుగునుంచి ఎరుపు లేచింది. వేలు నొక్కితే గోరు కింద రక్తం చేరినట్టు. అన్నాళ్ళూ ఆయన చూసింది ఇదన్నమాట. ఆపేశాను. చెప్పాను. ఆయన ఆ ఒక్క కన్ను మూసుకుని విన్నాడు. మళ్ళీ చెప్పు అన్నాడు. మళ్ళీ చెప్పాను.

కొలిచారు. 63.

లేబుల్స్ నేను రాశాను. 4 డిగ్రీలలో ఉంచవలెను. ఎట్టి పరిస్థితిలోనూ గడ్డకట్టనివ్వరాదు.

మార్చి 9, ఆదివారం

ఫ్రిజ్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఉదయం 3.8. మధ్యాహ్నం 4.4. అలాగే రాశాను.

మార్చి 12, బుధవారం

అదే ముగ్గురు, అవే కుర్చీలు. ఒకాయన ముందే కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. మేడమ్ సూది దించింది. బావ పట్టుకున్నాడు. నేను గోడకి ఆనుకుని లెక్కపెట్టాను. నలభై. నలభై ఒకటి. కుందేలు ముక్కు ఆడించింది. నూటయాభై దాకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఇక చాల్లేరా, అది నిన్ను చూసి భయపడుతోంది అన్నాడు బావ.

రెండు రోజులు చూసి సంతకం చేస్తారట.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 9:40

కుందేళ్ళు మూడూ తింటున్నాయి. కమిటీ సంతకం అయింది. అక్క 4.9, పేరు జాబితాలో ఉంది.

కళ్ళజోడు గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త జోడు, ఎడమ వైపు నల్లద్దం. స్టేషన్‌కి నడిచే వెళ్దామన్నాడు. ఫిర్యాదు కాగితం నా చేతికిచ్చి, కన్ను లాగుతోంది, తప్పులుంటే చూడు అన్నాడు.

మూడు దెబ్బలు అని ఉంది. దాని మీద ఒక్క గీత కొట్టాను. పక్కన నాలుగు అని రాశాను. సంతకం పెట్టాను.